లోహశోధని: పొలంలోను, సముద్రతీరంలోను

భూమికి వసుంధర అని పేరు. వసువును, అనగా ధనాన్ని, ధరించినది కాబట్టి ఆ పేరు సార్థకమైనదని పెద్దలు చెబుతారు. రత్నగర్భ అన్న మాట కూడా అట్టిదే. అయితే నేల తన కడుపులో దాచుకొన్నది బంగారము, వెండి మాత్రమే కాదు. అరిగిన నాగటి కర్రు, ఎద్దు గిట్ట నుండి ఊడిన నాడా, పిల్లవాని జేబులో నుండి జారిన అణా బిళ్ళ, ఏనాటిదో తెలియని రాగి కాసు, ఇవన్నీ ఆ పెట్టెలో చేరినవే. పెట్టె మూత తీయకుండానే లోపల లోహమున్నదో లేదో చెప్పగల యంత్రము లోహశోధని. దీనినే వాడుకలో మెటల్ డిటెక్టరు అంటున్నారు.

కొంతకాలం క్రితం మా కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపక మిత్రులొకరు ఇటువంటి యంత్రాన్ని ఒకదానిని కొని తెచ్చారు. అది నేర్చుకొనేవారి కోసం చేసినది. వెల పదివేల రూపాయలకు లోపే. విమానాశ్రయాలలోను, సభల ద్వారాల వద్దను మనం చూసే పరికరానికి ఇది చెల్లెలు వంటిది. పొడవైన కడ్డీ, దాని అడుగున పళ్ళెము వంటి చుట్ట, పైన ఒక చిన్న పెట్టె, అంతే. రెండు వేసవులు మేము తెలుగు, ఉర్దూ విభాగాల విద్యార్థులతో కలిసి దీనిని మోసుకొని విజయనగరం పరిసరాల పొలాలలోను, శ్రీకాకుళం జిల్లా సముద్రతీరంలోను తిరిగాము. భాషాధ్యాపకునికి ఈ యంత్రంతో పని ఏమని కొందరు నవ్వారు. ఆ నవ్వుకు సమాధానం ఈ వ్యాసం చివరకు దొరుకుతుందని ఆశిస్తున్నాము.

యంత్రము పని చేయు విధము

ఈ యంత్రపు పుట్టుక ఒక విషాద సంఘటనతో ముడిపడి ఉన్నది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు తుపాకి దెబ్బ తిన్నారు. ఆయన శరీరంలో చిక్కిన గుండు ఎక్కడున్నదో వైద్యులకు అంతుపట్టలేదు. టెలిఫోను నిర్మాత అలెగ్జాండరు గ్రహాంబెల్ విద్యుత్తుతో పని చేసే ఒక పరికరాన్ని సిద్ధం చేసి తెచ్చారు. కాని గుండు దొరకలేదు. మంచంలోని లోహపు తీగలు యంత్రాన్ని తికమక పెట్టినవని చెబుతారు. అంతకంటె ముఖ్యమైన సంగతి, వైద్యుడు గుండు కుడివైపున ఉన్నదని నమ్మి ఆ వైపు మాత్రమే వెదకనిచ్చాడు. గుండు ఎడమవైపున ఉన్నది. మనిషి ముందే ఒక నిర్ణయానికి వచ్చి వెదికితే ఎంత మంచి యంత్రమైనా చేయగలిగినది లేదని ఆనాడే రుజువైనది. తరువాత రెండవ ప్రపంచయుద్ధంలో పోలండు దేశపు సైనికాధికారి కొసాట్స్కీ రూపొందించిన శోధని 1942లో ఎల్ అలమైన్ యుద్ధభూమిలో నేలలో పాతిన మందుపాతరలను కనుగొనడానికి ఉపయోగపడినది. ట్రాన్సిస్టర్లు వచ్చిన పిమ్మట యంత్రపు బరువూ తగ్గినది, వెలా తగ్గినది. ఈనాడు సామాన్యుని చేతికి అందినది.

పళ్ళెములో రెండు రాగి తీగచుట్టలు ఉంటాయి. మొదటి చుట్ట గుండా దిక్కు మార్చుకొంటూ ఉండే విద్యుత్తు ప్రవహిస్తుంది. నేర్చుకొనేవారి యంత్రాలలో ఆ దిక్కు సాధారణంగా సెకనుకు ఆరేడు వేల మార్లు తిరగబడి వస్తుంది. దానివలన చుట్ట క్రింది నేలలో అయస్కాంత క్షేత్రము ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలో లోహమేదైనా ఉంటే, దానిలో నీటిసుడుల వలె చిన్న విద్యుత్ప్రవాహాలు పుడతాయి. ఆ సుడులు తిరిగి తమ స్వంత క్షేత్రాన్ని కల్పిస్తాయి. రెండవ చుట్ట పని ఆ ప్రతిధ్వనిని వినడమే. బావిలోకి కేక వేసి మారుమ్రోత వినే పిల్లవాని ఆట వంటిదే ఇది.

మారుమ్రోత ఎంత ఆలస్యంగా వచ్చినదో చూసి యంత్రము లోహపు జాతిని ఊహిస్తుంది. ఇనుముకు మందమైన ధ్వని, రాగికి, వెండికి సన్నని హెచ్చు ధ్వని చేస్తుంది. ఇక్కడ ‘ఊహిస్తుంది’ అన్న మాటను విద్యార్థులు గమనించవలెను. బంగారానికి ప్రత్యేకమైన ధ్వని లేదు. సన్నని బంగారు ఉంగరము, మాత్రలు చుట్టిన అల్యూమినియం రేకు, గుట్కా పొట్లపు తళుకు కాగితము, ఈ మూడూ చాలా మార్లు ఒకే విధంగా పలుకుతాయి. రేకులు వద్దని యంత్రాన్ని మూయించితే బంగారము కూడా మూతపడుతుంది. కాబట్టి బంగారమును మాత్రమే పట్టి చూపే యంత్రమని ఎవరైనా అమ్మజూపితే నమ్మరాదు.

లోతు విషయంలో కూడా భ్రమలు ఉండరాదు. రూపాయి బిళ్ళంత వస్తువు జానెడు లోతు దాటిందంటే చౌక యంత్రానికి దాదాపు అందదు. పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన తూర్పు గాంగుల బంగారు రూకలు అర గ్రాముకు అటు ఇటుగా తూగేవి, కందిబద్దంత చిన్నవి. అటువంటివి నాలుగు వేళ్ళ లోతున ఉన్నా మా యంత్రము పలుకకుండా దాటిపోగలదు. నిలువులోతు బిందెలను చూపే యంత్రమని చెప్పేది కల్పనే.

పొలంలో

మొదటి నియమము అనుమతి. విజయనగరానికి కొంత దూరంలో ఉన్న ఒక గ్రామంలో ఒక వృద్ధ రైతును మేము అడిగాము. ఆయన యంత్రాన్ని ఎగాదిగా చూసి, “ఏటి మాస్టారూ, మా బువ్వ పండే నేలలో మీకు బంగారం కావాలేటి? గోతులు తవ్వీసి ఎల్లిపోతే నా ఎడ్ల కాళ్ళు ఇరగవా?” అన్నారు. ఎంత చక్కని ప్రశ్న! తవ్వినదంతా పూడ్చి, కాలితో తొక్కి, చూపించిన తరువాతనే వెళ్తామని మాట ఇచ్చాము. దొరికినది ఏదైనా ముందు ఆయన చేతికే ఇస్తామని కూడా చెప్పాము. అప్పుడు ఆయనే చెప్పులు విడిచి గట్టు దిగి వచ్చి, నాగటి కర్రు ఎక్కడ పోయిందో చూపించారు.

కాలము కూడా చూసుకోవలెను. మన ప్రాంతంలో వరి కోతకు ముందే చాలా మడులలో మినుములు, పెసలు చల్లుతారు. పైరు ఉన్న మడిలో అడుగు పెట్టరాదు. అపరాలు ఇంటికి వచ్చి, వేసవి దుక్కి అయిన పిమ్మట, తొలకరి విత్తనాలకు ముందు ఉన్న కొద్ది వారాలు ఈ పనికి అనువైనవి. ఎండ ముదరక ముందే పని ముగించవలెను.

పళ్ళెమును నేలకు రెండు వేళ్ళ ఎత్తున, నేలకు సమాంతరముగా ఉంచి, చీపురుతో వాకిలి ఊడ్చినట్లు నెమ్మదిగా ఎడమకు కుడికి త్రిప్పవలెను. ప్రతి త్రిప్పు వెనుకటి త్రిప్పులో సగాన్ని కప్పుతూ పోవలెను. చివరలలో చేయి పైకి లేపడము కొత్తవారి దోషము. లేచినంత మేర లోతు పోతుంది. ధ్వని వినిపించినచోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి త్రిప్పి చూసి, రెండు గీతలు కలిసే చోట గురుతు పెట్టుకోవలెను. రెండు వైపుల నుండి ఒకే విధంగా పలికితే వస్తువు నమ్మదగినది. ఒకవైపు పలికి, ఇంకొకవైపు మూగబోతే అది చాలా వరకు త్రుప్పు పట్టిన మేకు.

మన ఎర్రనేలలు ఈ యంత్రానికి కఠిన పరీక్ష పెడతాయి. భారతదేశంలో మాంగనీసు త్రవ్వకము 1892లో విజయనగరం ప్రాంతంలోనే మొదలైనది. ఖనిజసంపద గల నేల మనది. ఇనుము పాలు హెచ్చుగా ఉన్న రాళ్ళు, గులకలు యంత్రాన్ని ఊరకే పలికిస్తాయి. అట్టిచోట యంత్రపు సున్నితత్వమును తగ్గించవలెను. ధ్వని తగ్గినందుకు విచారించనక్కరలేదు. అరచే యంత్రము కంటె కొద్దిగా విని నిజము చెప్పే యంత్రము మేలు.

ఒక పూటకు మాకు దొరికినవి ఇవి: మేకులు పదకొండు, ఎడ్ల నాడాల ముక్కలు నాలుగు, సోడా సీసా మూతలు, కొడవలి మొన, అల్యూమినియం గిన్నె చెవి, పెద్దాయన పోగొట్టుకొన్న కర్రు, ఒక రాగి నాణెము. కర్రు దొరికినందుకు ఆయన పొందిన ఆనందము చూసిన తరువాత మా విద్యార్థులు నాణెమును కాసేపు మరచిపోయారు.

ఈ వస్తువులు పొలంలోకి ఎట్లు వచ్చినవని విద్యార్థులు అడిగారు. సమాధానము పెద్దాయనే చెప్పారు. ప్రతి యింటి పెంటకుప్ప వేసవిలో బండ్ల మీద పొలానికి చేరుతుంది. వాకిలి ఊడ్చిన చెత్తలో పడిన కాసు, విరిగిన గొళ్ళెము, మెట్టె, అన్నీ ఎరువుతోబాటు తరలివస్తాయి. ఎండిన చెరువు నుండి తోలిన మట్టితో మరికొన్ని వస్తాయి. కాబట్టి పొలంలో పాత నాణెము దొరికితే అక్కడ రాజులు దాచిన ధనముందని తీర్మానించుట తగదు. అది ఒక గృహిణి చీపురు నుండి వచ్చినదై ఉండవచ్చును.

దీనినుండి ఒక గొప్ప నియమము పుడుతున్నది. నాగలి తిరిగే మేర మన్ను ఏటేటా తలక్రిందులవుతూనే ఉంటుంది. దాని క్రింది మన్ను వందల ఏళ్ళుగా కదలకుండా ఉన్నది కావచ్చును. నాగటి చాలుకు దిగువకు మనము త్రవ్వరాదు. అక్కడ ధ్వని వినిపించినా, పాత ఇటుకలు, కుండపెంకులు, బూడిద పొర కనిపించినా చేతి పారను ఆపివేయవలెను.

మేము చేసిన తప్పు

ఆ రాగి నాణెము కథ చెప్పక తప్పదు. అది పచ్చని పొర పట్టి, మీద మన్ను గట్టిపడి ఉన్నది. ఏమి రాసి ఉన్నదో చదవాలన్న ఆతురత మాకు కలిగినది. ఇంటిలో ఇత్తడి చెంబులు తోమినట్లు, బావి గట్టు మీద కూర్చొని చింతపండుతో, ముగ్గుపిండితో తోమాము. తోమినది విద్యార్థి కాదు, మేమే. నాణెము కొత్త రాగివలె మెరిసినది. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. మరునాడు ఉర్దూ అధ్యాపక మిత్రునికి చూపగా ఆయన కన్నులకు దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశారు. “ఇక్కడ పారశీ అక్షరాలుండేవి. ఒక అక్షరపు తోక మిగిలింది. మిగతాది ఏదీ? ఎవరు తోమారు?” అన్నారు. మేము తల వంచుకొన్నాము. రెండు వందల ఏళ్ళపాటు నేల కాపాడిన అక్షరాలను మేము పది నిమిషాలలో చెరిపివేశాము. పులుపు రాగిని తింటుంది. పచ్చని పొరలోనే అక్షరపు ఎత్తు నిలిచి ఉంటుంది. ఆ పొర పోతే అక్షరమూ పోతుంది. అంతే కాదు, ఆ నాణెము ఏ మడిలో, ఎంత లోతున దొరికినదో ఎవరమూ వ్రాసుకోలేదు. ఇప్పుడది మా బల్ల సొరుగులో ఒక రాగి బిళ్ళ మాత్రమే.

పాత నాణెమును కడుగరాదు, తోమరాదు, నూనె రాయరాదు. మన్నుతోనే కాగితపు పొట్లంలో పెట్టి, పొట్లము మీద తేదీ, ఊరు, మడి, లోతు వ్రాయవలెను. ఇది మేము వెల యిచ్చి నేర్చుకొన్న పాఠము.

ఆ అక్షరాలు ఎంత విలువైనవో ఉదాహరణకు చెబుతాము. 1807లో మద్రాసు టంకశాలలో ముద్రించిన పావు వరహా వెండి నాణెము మీద ఒకవైపు గోపురము చుట్టూ ఇంగ్లీషు, పారశీ లిపులు, రెండవవైపు దేవతామూర్తి చుట్టూ అరవము, తెలుగు లిపులు ఉన్నవి. ఒక బిళ్ళ మీద నాలుగు భాషలు! 1808 నాటి ఇరవై కాసుల రాగి నాణెము మీద, ఇరవై కాసులు నాలుగు ఫలూసులకు సమానమని పారశీలో వ్రాసి ఉన్నది. మన ‘కాసు’ పారశీ వాక్యంలో కూర్చొని, ఇంగ్లీషులో ‘క్యాష్’ అన్న పేరుతో చలామణి అయినది. ఇంగ్లండులో ముద్రించిన ఈ నాణేలను మద్రాసుకు తెస్తున్న ‘అడ్మిరల్ గార్డనర్’ అను ఓడ 1809 జనవరిలో ఇంగ్లీషు తీరపు ఇసుక తిన్నెల వద్దనే మునిగిపోయినది. 1980 దశకంలో ఆ నాణేలు లక్షల సంఖ్యలో వెలికి వచ్చినవి. మన సంతలలో తిరుగవలసిన కాసులు నూటడెబ్బది ఏళ్ళకు పైగా పరాయి సముద్రంలో నిద్రించినవి. ఉర్దూ విద్యార్థి ఒక ముఖమును, తెలుగు విద్యార్థి రెండవ ముఖమును చదువగల వస్తువు మన నేలలో ఉన్నది. దానిని చింతపండు పాలు చేయరాదు.

సముద్రతీరంలో

శ్రీకాకుళం జిల్లాకు దీర్ఘమైన సముద్రతీరము కలదు. కళింగపట్నం, భావనపాడు, బారువ, విజయనగరం జిల్లాలో చింతపల్లి, ఇవి స్నానపర్వాలకు జనులు చేరే చోట్లు. కార్తీక, మాఘ పూర్ణిమలలో నీటిలో మునిగిన వేళ్ళు చలికి ముడుచుకొంటాయి, ఉంగరము జారుతుంది. మెట్టె ఇసుకలో దిగబడుతుంది. పోయినది తిరిగి దొరకదని జనులు ఇంటికి పోతారు. లోహశోధని నిజంగా మేలు చేయగల చోటు ఇదే.

కాని మన ఇసుక మామూలు ఇసుక కాదు. కెరటము వెనుకకు పోయినప్పుడు నల్లని చారలు కనిపిస్తాయి. అవి ఇల్మనైటు, మాగ్నటైటు మొదలైన బరువైన ఖనిజాల రేణువులు. గార్నెటు, మోనజైటు కూడా ఈ తీరపు ఇసుకలలో ఉన్నవి. అయస్కాంతము ఇసుకలో పెట్టి తీస్తే నల్లని రజను గడ్డము వలె వ్రేలాడుతుంది. ఆ నల్లచారల మీదికి పోగానే మా యంత్రము ఆగకుండా పలికినది. కళింగపట్నంలో మొదటి రోజు విద్యార్థులు ముప్పది గోతులు త్రవ్వారు. ముప్పదింటిలోను ఇసుకే.

ఉప్పునీరు రెండవ చిక్కు. ఉప్పునీరు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి తడి ఇసుక కూడా కొంతవరకు లోహమువలె పలుకుతుంది. ఒకే ఆవృత్తితో పని చేసే చౌక యంత్రము తడికి, పొడికి నడుమ తికమక పడుతుంది. దీనికి ఉపాయము ఉన్నది. నీటి అంచుకు అడ్డంగా నడువక, అంచువెంబడి సమాంతరముగా నడవవలెను. అప్పుడు పళ్ళెము క్రింద తడి ఒకే తీరుగా ఉంటుంది, తప్పుడు ధ్వనులు తగ్గుతాయి. సున్నితత్వమును సగానికి దించి, పొడి ఇసుకతో ఆరంభించవలెను. జనులు కూర్చొని లేచే చోట, పిల్లలు ఆడే చోట, అంగళ్ళ ముందు వస్తువులు హెచ్చుగా ఉంటాయి. తుఫాను తరువాత కెరటాలు పై ఇసుకను కోసుకొనిపోగా, లోతున ఉన్న బరువైన వస్తువులు చేతికందేంత పైకి వస్తాయి. 2014లో హుద్‌హుద్‌ను, 2018లో తిత్లీని చూసిన మనకు ఆ కోత ఎంతటిదో చెప్పనక్కరలేదు. అయితే తుఫాను హెచ్చరిక ఉన్న రోజులలో తీరానికి పోవుట అవివేకము.

ఇంకొక జాగ్రత్త. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు శీతకాలపు చివర నుండి వేసవి వరకు ఈ తీరంలో ఇసుక తవ్వి గ్రుడ్లు పెట్టి పోతాయి. తాబేలు ప్రాకిన జాడ, మెత్తగా కప్పిన ఇసుక కనిపించినచోట పార పెట్టరాదు. అది చట్టరక్షణ పొందిన ప్రాణి.

రెండవ రోజు ఒక మత్స్యకార కుటుంబపు స్త్రీ మా వద్దకు వచ్చి, క్రిందటి సాయంత్రము తన మెట్టె పడిపోయినదని, పడిన చోటు ఫలానా పడవ ప్రక్కనని చెప్పినది. మా విద్యార్థి గంటసేపు వెదికి తెచ్చి ఇచ్చాడు. వెండి మెట్టె, విలువ ఎంతో కాదు. ఆమె దానిని కొంగున ముడివేసుకొని, వానికి నాలుగు ఎండు నెత్తళ్ళు చేతిలో పెట్టినది. ఆ సాయంత్రము బస్సులో మా విద్యార్థులు పాడినంతగా ఏనాడూ పాడలేదు.

దొరికిన వస్తువు ఎవరిది?

పోగొట్టుకొన్న వస్తువు వేరు, పాతిపెట్టిన నిధి వేరు. మొదటిదానికి యజమాని బ్రతికి ఉన్నాడు. తీరంలో దొరికిన ఉంగరమును గ్రామపెద్దలకు తెలిపి, అవసరమైతే పోలీసు ఠాణాలో అప్పగించవలెను. దొరికిన సొమ్మును ఒక సంవత్సరము చాటింపవలెనని ఇస్లామీయ ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఇతరుల ధనమును మట్టిపెళ్ళవలె చూడుమని మన నీతికారులూ చెప్పారు. చట్టము కూడా ఈ దారినే నడిచినది.

నిధుల విషయంలో నేటికీ వర్తించేది 1878 నాటి భారత నిక్షేప చట్టము. నేలలో దాగిన విలువగల వస్తువేదైనా నిక్షేపమే. పది రూపాయల విలువ మించితే, దొరికినవాడు ఆ వస్తువుల స్వభావము, విలువ, చోటు, తేదీ వ్రాసి జిల్లా కలెక్టరుకు తెలుపవలెను. వస్తువులను ప్రభుత్వ ఖజానాలో ఉంచవలెను లేక హామీ యివ్వవలెను. విచారణలో యజమాని లేడని తేలితే, వేరే ఒప్పందము లేనప్పుడు, దొరికినవానికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు చెందుతుంది. ప్రభుత్వము తానే తీసుకోదలిస్తే వస్తువు లోహపు విలువకు దానిలో అయిదవ వంతు కలిపి చెల్లిస్తుంది. దాచినవానికి వాటా పోవుటే గాక ఒక సంవత్సరము వరకు శిక్ష పడవచ్చును. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన నాణెములు, విగ్రహాలు పురావస్తువులు. వాటిని అనుమతి లేకుండా వ్యాపారము చేయరాదు, దేశము దాటించరాదు.

రక్షిత ప్రదేశాలలో ఈ యంత్రమును బయటకు తీయనే కూడదు. శాలిహుండం బౌద్ధ స్తూపాలు, శ్రీముఖలింగం ఆలయాలు, రామతీర్థం కొండల మీది శిథిలాలు, ఇవి మన జిల్లాల ఉమ్మడి ఆస్తి. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడము చుట్టూ 100 మీటర్ల మేర నిషిద్ధ ప్రాంతము, ఆ పైన 200 మీటర్ల మేర నియంత్రిత ప్రాంతము అని 2010లో చేసిన సవరణ చెప్పుచున్నది. మన్యపు గ్రామాలలో కూడా అధికారులకు తెలియజేయకుండా ఈ పరికరము పట్టుకొని తిరుగుట అనుమానాలకు తావిస్తుంది.

చోటు విలువ

ఒక వస్తువు దొరికిన చోటుకు ఇంత విలువ ఎందుకో రెండు ఉదాహరణలు చెబుతాము.

1992 నవంబరులో ఇంగ్లండులోని హాక్స్నె గ్రామంలో ఎరిక్ లాస్ అను వృద్ధుడు, మిత్రుడైన రైతు పొలంలో పోగొట్టుకొన్న సుత్తి కోసం లోహశోధనితో వెదికాడు. సుత్తికి బదులు రోమను నాణేలు బయటపడినవి. ఆయన కొన్ని మాత్రమే తీసి, వెంటనే ఆపి, అధికారులకు తెలిపాడు. పండితులు వచ్చి మన్నును పొరపొరగా తీసి, సుమారు 15,000 నాణేలను, ఆభరణాలను, వాటిని పెట్టిన పెట్టె జాడను కూడా చదివారు. ఏ వస్తువు ఏ మూలన పెట్టి పాతారో తెలిసినది. ఆ సుత్తి కూడా దొరికినది. నిధితోబాటు అదీ నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. లాస్ ఆశకొద్దీ త్రవ్వి ఉంటే సంచెడు నాణేలు మిగిలేవి, కథ పోయేది.

అమెరికాలో 1876లో జరిగిన లిటిల్ బిగ్ హార్న్ యుద్ధములో కస్టరు దళము పూర్తిగా నశించినది. 1983లో అక్కడి గడ్డి తగులబడి నేల బయటపడగా, తరువాతి రెండేళ్ళలో పురాతత్వవేత్తలు లోహశోధనులు పట్టుకొన్నవారిని వరుసగా నడిపించి, ప్రతి గుండు, ప్రతి తూటా గొట్టము దొరికిన చోట జెండా పాతి, కొలిచి పటము గీశారు. ఏ తుపాకి ఎక్కడి నుండి ఎక్కడికి కదిలినదో తెలిసి, యుద్ధము నడిచిన తీరే కొత్తగా బోధపడినది.

మన వద్ద 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధము, 1794 జులై 10న పద్మనాభ యుద్ధము జరిగినవి. ఈ రెండు యుద్ధాలను మనము పాటలలోను, దొరల ఉత్తరాలలోను చదువుకొంటున్నాము. నేల వ్రాసుకొన్న సాక్ష్యమును ఇంకను ఎవరూ చదువలేదు. రేపు పండితులు చదువవచ్చును. ఈలోగా మనలో ఒక్కొక్కరు ఒక్కొక్క గుండును జ్ఞాపకార్థమని జేబులో వేసుకొంటే, వారికి చదువుటకు మిగిలేదేమి?

పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తిగారు వాడుక భాషకై పోరాడిన మహనీయులని మనకు తెలుసు. ముఖలింగ శాసనాలను చదివి, గాంగుల రాజధాని కళింగనగరము అదేనని నిరూపించినదీ వారే. రాళ్ళు ఉన్నచోటనే ఉండబట్టి వారు ఆ పని చేయగలిగారు. శాసనములను ఎవరైనా పెళ్ళగించి అమ్ముకొని ఉంటే ఆ వాక్యము మన చరిత్రలో ఉండేది కాదు.

ఈ సందర్భములో ఒక దుష్టవ్యాపారమును గురించి హెచ్చరించవలసి ఉన్నది. గుప్తనిధుల పేరుతో గుడుల గర్భాలయాలు, సమాధులు, కోటగోడలు రాత్రిపూట త్రవ్వేవారు, బియ్యపు గింజలను లాగే మహిమ గల పాత్ర ఉన్నదని ‘రైస్ పుల్లింగ్’ పేరుతో లక్షలు గుంజేవారు తెలుగునాట తరచు పట్టుబడుతున్నారు. లోహశోధనిని చూపి నమ్మించుట వారికొక ఎత్తు. అది ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ మూగబోతుందో తెలిసిన విద్యార్థి ఉన్న ఇంటిని ఎవరూ మోసగించలేరు.

మా రెండవ వేసవిలో మరొక రైతు మడిలో మూడు రాగి నాణేలు, వాటి క్రింద కుండ అంచు కనిపించినవి. ఈసారి చింతపండు లేదు. పార ఆపి, చోటు కొలిచి, మన్ను కప్పాము. ఆ రైతు భయపడ్డారు. “భూమి లాగీసుకుంతారేమో మాస్టారూ, ఎవులికీ చెప్పకండి” అన్నారు. నిక్షేపము దొరికినంత మాత్రాన పట్టా పోదని, చెప్పకపోతేనే చిక్కని, చెప్పినవానికి చట్టంలో వాటా ఉన్నదని నచ్చజెప్పి, ఆయనతోబాటు మేము కూడా కార్యాలయానికి వెళ్ళి కాగితము వ్రాసి ఇచ్చాము. ఇచ్చినట్లు రసీదు తీసుకొన్నాము. ఆ రసీదును ఆయన తన పాసుపుస్తకములో దాచుకొన్నారు.

కళాశాల కార్యవర్గము వారికి మా విన్నపము ఒక్కటే. యంత్రము ఉన్నది, మరొకటి కొననక్కరలేదు. ఒక గట్టి అట్ట గల రిజిస్టరు, కాగితపు పొట్లాలు, ఒక కొలత టేపు ఇప్పించవలెను. రిజిస్టరులో తేదీ, గ్రామము, భూస్వామి సమ్మతి, లోతు, వస్తువు, ఎవరికి అప్పగించినది అను వరుసలు తెలుగులోను, ఉర్దూలోను గీయించవలెను. చదువగల అక్షరము దొరికినప్పుడు రెండు విభాగాల విద్యార్థులు ఒకే బల్ల దగ్గర కూర్చొని చదువుదురు గాక. భాషాధ్యాపకునికి ఈ యంత్రముతో పని ఏమని నవ్విన మిత్రులకు మా సొరుగులోని ఆ మెరిసే రాగి బిళ్ళను చూపుటకు సిద్ధముగా ఉన్నాము. దాని మీద మిగిలిన ఒక్క అక్షరపు తోకయే మా సమాధానము.